మా అమ్మ పేరు పక్కన వేలిముద్ర

మా అమ్మకు గర్భసంచి లేదని కాగితం చెప్పింది. ఉందని మా అమ్మ ఒళ్లు చెప్పింది. బిలాస్‌పూర్‌లో మేముండే కాలనీ ఆసుపత్రి ఎనిమిది నెలల పాటు కాగితం మాటే నమ్మింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే అని చెప్పడానికి మాత్రం ఇన్నాళ్లు పట్టింది.

నేను రైల్వే డివిజన్ ఆఫీసులో గుమస్తాను. మా నాన్నగారు పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. నా మెడికల్ కార్డులో అమ్మ పేరు ఎదురుగా ‘డిపెండెంట్’ అని రాసి ఉండేది. శ్రీకాకుళం వైపు పదమూడు ఊళ్ల శిస్తు వచ్చే దివాణంలోకి పల్లకీలో వచ్చిన కోడలు ఆవిడ. జమీలు రద్దయ్యాయి, మిగిలినది వ్యాజ్యాలు తిన్నాయి. నాన్నగారు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి బిలాస్‌పూర్ వచ్చి గూడ్సు క్లర్కుగా చేరారు. మా ఊళ్ల రైతుల కొడుకులు అప్పటికే ఇక్కడ డ్రైవర్లు, ఫిట్టర్లు. వాళ్ల క్వార్టర్లు మా క్వార్టరు కంటే పెద్దవి. అయినా వాళ్ల ఆడవాళ్లు అమ్మను ‘దొరసానమ్మా’ అనే పిలిచేవారు. అమ్మ ఇరుకు వసారాలో నవారు మంచం మీద కూర్చుని, దివాణంలో కూర్చున్నట్టే పలికేది. నేనూ ఆ తీరువాణ్ణే. ముప్పై రెండేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధాల్లో మా స్థాయికి తగినది లేదని నేననేవాణ్ణి. ఆ స్థాయి ఏ క్వార్టరు నంబరులో ఉందో చెబితే వెళ్లి చూసొస్తామని కాలనీవాళ్లు అనేవారు.

అమ్మకు చిన్నప్పుడు పంతులు ఇంటికి వచ్చి చదువు చెప్పారు. రేషను కార్డయినా, పోస్టుమాన్ రసీదయినా ఇంటిపేరుతో సహా పూర్తి పేరు సిరాతో రాసి సంతకం చేసేది. ఆ సంతకం అయ్యేదాకా పోస్టుమాన్ సైకిలుకు స్టాండు వేసి నిలబడేవాడు. మా తాతగారి మాట ఒకటి మా ఇంట్లో వాడుకలో ఉండేది: ‘వేలిముద్రలు వేయించుకున్న ఇల్లు మనది, వేసిన ఇల్లు కాదు.’ ఆ మాట చెప్పుకుని నేను గర్వపడేవాణ్ణి.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం అమ్మ బుధవారీ బజారుకు నడిచి వెళ్లడం మానేసింది. ఊరి చివరి తిఫ్రా నుంచి ఒక ఆడమనిషి నెలకు రెండుసార్లు పెరటి గుమ్మానికి తెచ్చే గోంగూర, తోటకూరలతోనే వంట నడిపేది. కుళాయి దగ్గర నుంచి బిందె తెస్తూ దారి మధ్యలో కూలబడేది. తెల్లవారకముందే తన బట్టలు తాను ఉతికి ఆరేసుకునేది. అడిగితే “వయసు నాయనా” అనేది. ఆవిడకు అప్పుడు యాభై ఐదు. బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పుడు తెలిసింది, ఏడు నెలలుగా పక్కింటావిడను తోడు తీసుకుని అక్కడికి వస్తూనే ఉందని.

లేడీ డాక్టరు ఫోల్డరు తెరిచింది. లోపలి కాగితాలు తిప్పలేదు. అట్ట మీద అతికించిన సంగ్రహం చూసి, హిందీలో, విసుగూ లేకుండా ఆదరమూ లేకుండా అంది:

“మాతాజీకి బచ్చాదానీ ఎప్పుడో తీసేశారు కదా. ఇంక అక్కడి నుంచి రక్తం ఎలా పడుతుంది? మూత్రంలో వస్తూ ఉంటుంది. మాత్రలు మార్చి రాస్తాను.”

“ఎవరు తీశారు?” అన్నాను.

“ఇక్కడే తీశారు. రాసి ఉంది.” ఫోల్డరు నావైపు తిప్పింది. నిజంగానే రాసి ఉంది. పదకొండేళ్ల కిందటి తేదీ, గర్భసంచి తొలగింపు, ఒక్క వాక్యం.

అమ్మ గోడమీది క్యాలెండరు చూస్తోంది. “నీకు ఆపరేషన్ ఎప్పుడయింది?” అని తెలుగులో అడిగాను.

“డాక్టరమ్మ ఏటి రాసిందో అది తీసుకుని పద” అంది.

కొడుకు ముందు ఇలాంటి మాటలకు సిగ్గుపడుతోందనుకున్నాను. డాక్టరుతో, మా అమ్మకు ఏ ఆపరేషనూ కాలేదు, నాకు తెలుసు అన్నాను. “ఇవన్నీ కొడుకులకు చెప్పి చేయించుకుంటారా?” అని ఆవిడ నవ్వింది. వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. నేను నవ్వలేదు.

“ఒక్కసారి పడుకోబెట్టి చూడండి.”

“బయట నలభై మంది ఉన్నారు. ఫైల్లో ఉన్నాక చూడటం దేనికి?”

ఆ ప్రశ్నను నేను ఇంతవరకూ మరిచిపోలేదు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది, చూడటం దేనికని అడిగింది.

మర్నాడు రికార్డు గదికి వెళ్లాను. అక్కడి గుమస్తా మా వైపు మనిషే. రెండు తరాలుగా బిలాస్‌పూర్‌లో ఉన్నా ఇంటి మాట మారని వాడు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు. పాత కేస్ షీటు కావాలంటే తల గోక్కున్నాడు.

“ఎందుకు బాబూ ఆ పాత కాయితాలు? దుమ్ము.”

“దుమ్ము సంగతి నేను చూసుకుంటాను. తీయండి.”

తీశాడు. నిలబడే చదివాను. పైన మా అమ్మ పేరు, మా ఇంటిపేరు, నా ఉద్యోగం, కార్డు నంబరు. కింద వేరే మనిషి. వయసు నలభై నాలుగు అని రాసి, పక్కనే ‘చూడటానికి ముప్పై దాటినట్టు లేదు’ అని ఆనాటి డాక్టరు రాశాడు. ప్రసవాలు నాలుగు, బతికి ఉన్నవారు ఇద్దరు. నాకు తోబుట్టువులే లేరు. మూడో కాన్పు పొలంలో, మంత్రసాని లేకుండా. తల మీద బరువులు మోసే పని. మెడ వెనక కాయ కాచింది. రక్తం బాగా తక్కువ. ఆ డాక్టరు ఎవరో గాని ఓపికగా అడిగి, ఓపికగా రాశాడు. ఆపరేషనుకు సమ్మతి అన్న చోట మా అమ్మ పేరు, ఆ పేరు పక్కన ఎడమ బొటనవేలి ముద్ర. దాని కింద ఇంకొక ముద్ర. ‘రోగి తమ్ముడు’ అని రాసి ఉంది. మా అమ్మకు తమ్ముళ్లు లేరు.

నా కోపం మొదట ఎటు పోయిందో దాచకుండా చెబుతాను. అమ్మకు వైద్యం అందలేదన్నది తరువాత గుర్తొచ్చింది. మా అమ్మ పేరు పక్కన వేలిముద్రా! అదే ముందు తగిలింది.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనం మానేసి మూడు ఫుల్‌స్కేప్ పేజీల ఫిర్యాదు రాశాను. ఇంగ్లీషులో లేఖలు రాయడంలో నాకు ఆఫీసులో పేరుండేది. పై అధికారుల లేఖలకు కూడా నా చేతనే చిత్తు రాయించేవారు. ఇద్దరు రోగుల కాగితాలు కలిపేశారని, రికార్డు గది నిర్లక్ష్యం వల్ల నా తల్లికి చికిత్స నిరాకరించారని, బాధ్యులెవరో తేల్చి చర్య తీసుకోవాలని రాశాను. ఆ మూడు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు. చాలా తృప్తిగా సంతకం చేశాను.

వారం తిరగకుండా ఫలితం వచ్చింది. ఫోల్డరుకు సీలు వేసి విచారణకు పట్టుకెళ్లారు. రికార్డు గుమస్తాను సంజాయిషీ అడిగారు. అమ్మను తీసుకుని మళ్లీ వెళ్తే కౌంటరులో మనిషి తలెత్తకుండా చెప్పాడు: “ఫోల్డర్ ఎంక్వయిరీలో ఉంది. ఫోల్డర్ లేకుండా డాక్టర్ సాబ్ ఏమీ రాయరు. ఎంక్వయిరీ అయ్యాక రండి.” పనికిరాని మాత్రలైనా అంతవరకూ దొరికేవి. నా ఇంగ్లీషు పుణ్యమా అని అవి కూడా ఆగిపోయాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం రికార్డు గుమస్తా మా క్వార్టరుకు వచ్చాడు. ఫెన్సింగు అవతలే నిలబడ్డాడు. దెబ్బలాడటానికి వచ్చాడనుకుని నేను సిద్ధంగా లేచాను.

“బాబూ, అమ్మగారిని ఓపాలి అడిగేరా?”

“ఏమని అడగాలి?”

“ఆ ఏలిముద్ర ఎవులదో.”

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “బయట నిలబడి ఏటి మాటలు? లోపలికి రావయ్యా” అని అతన్ని పిలిచి, నావైపు తిరిగి, చారులో ఉప్పు వేశానని చెప్పినంత మామూలుగా చెప్పింది. “కార్డు నేనే ఇచ్చేను.”

అమ్మే చెప్పుకుపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగు నెలల ట్రైనింగుకు వేరే ఊరు వెళ్లాను. అప్పుడు మా పదమూడు ఊళ్లలో ఒక ఊరి నుంచి వచ్చిన ఆడమనిషి, మొగుడితో కలిసి కాంట్రాక్టరు కింద బొగ్గు మోసేది, తిఫ్రా నుంచి నడిచి మా గుమ్మంలోకి వచ్చింది. కాంట్రాక్టు కూలీలకు కార్డులుండవు.

“మన ఊరి పేరు చెప్పింది, అలాగే కూలబడిపోయింది. కట్టుకున్న గుడ్డ నిలవడం లేదు నాయనా, నెత్తురు. నీ కార్డు రేకు డబ్బాలో ఉంది. తీసి ఇచ్చేను. దాని మొగుడు ఆ పది రోజులూ నాకు తమ్ముడయ్యేడు.”

“అది నేరమమ్మా.”

“మీ తాతగారయితే బండి కట్టించి పంపుదురు. నాకు బండి లేదు. కార్డుంది.”

రికార్డు గుమస్తా పీట చివర కూర్చుని నెమ్మదిగా అందుకున్నాడు. “అప్పుడు కార్డు మీద ఫొటోలు లేవు గదా బాబూ. కాలనీలో ఎన్ని కార్డులు ఎన్ని చేతులు తిరిగేయని! మావగారి కంటికి అల్లుడి కార్డు. మరదలి కానుపుకి ఒదిన కార్డు. ఒక ఫిట్టరు పెళ్లాం ఏడు నెలల్లో రెండుసార్లు నీళ్లాడింది, మా కాయితాల్లో. సిన్నది అమ్మగారి కార్డు పట్టుకొస్తే నాకు తెలీదా? తెలుసు. సూసీ సూడనట్టు ఊరుకున్నాను.”

అమ్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

“మరి నీకే వచ్చినప్పుడు డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?” అని అమ్మ మీద అరిచాను. జీవితంలో మొదటిసారి అరిచాను.

“ఏమని చెప్పమంటావు? మా అబ్బాయి ఉద్యోగం పీకండమ్మా అనా? ఆ పిల్లని పట్టుకోండి అనా?”

“నీ ప్రాణం పోతే?”

“ఇచ్చినదాన్ని తిరిగి అడుగుతారేటిరా ఎవరైనా?”

రికార్డు గుమస్తా లేచాడు. “నన్ను తప్పు పెట్టేరని నాకేటీ బాధ లేదు బాబూ. సంజాయిషీలో, కలిసిపోనాయి, నాదే తప్పని రాసెత్తాను. కానీ అది తేలీసరికి నెలలు పడతాది. అమ్మగారికి అన్ని నెలలున్నాయా?”

అతను వెళ్లాక ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. చేతికందిన వాళ్లందరి మీదా కోపమే. నా కార్డును నాకు చెప్పకుండా ఇచ్చిన అమ్మ మీద. గుమ్మంలో పడిన మనిషికి కార్డు లేదు గనుక మంచం లేదన్న పద్ధతి మీద. ఓపికగా రాసిన రెండు పేజీల్ని ఒక్క వాక్యానికి కుదించి అట్ట మీద అతికించిన చేతి మీద. ఆ రెండు పేజీల్లో పేరు, వయసు, తమ్ముడన్న మాట, అవే అబద్ధం. నలుగురు పిల్లలు, మెడ మీది కాయ, తక్కువైన రక్తం, అన్నీ నిజం. సంగ్రహం రాసినవాడు నిజమంతా వదిలేసి, అబద్ధపు పేరును, దాని పక్కన ఆపరేషనును మాత్రం ఎత్తి రాశాడు. వీళ్లందరి కంటే ఎక్కువ కోపం, కొట్టివేత లేని ఆ మూడు పేజీల మీద.

ఈసారి అర పేజీ రాశాను. కార్డు నాది. మా ఇంటి నుంచే అది వేరొకరి చేతికి వెళ్లింది. రికార్డు గుమస్తా తప్పేమీ లేదు. నా మొదటి ఫిర్యాదు తప్పు. చివరి వాక్యం దగ్గర కలం చాలాసేపు ఆగింది. ‘నా తల్లికి గర్భసంచి తీయలేదు, అది ఉన్నది, దయచేసి పరీక్షించండి.’ కన్నతల్లి గురించి కొడుకు రాయాల్సిన వాక్యమా అది? మూడు ప్రతులు కావాలన్నారు. మూడుసార్లు రాశాను.

విచారణ అధికారి అది చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. “అచ్ఛా, రాజాసాబ్! ఆసుపత్రి కూడా మీ జాగీరే అనుకున్నారా?”

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

“ఆ ఆడమనిషి పేరు?”

“తెలియదు.”

“మీ అమ్మకు తెలుసు కదా?”

“ఆవిడ చెప్పదు. నేను అడగను.”

నాకు రావలసిన ప్రమోషన్ ఆపేశారు. దాని గురించి నేనెప్పుడూ ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. రికార్డు గుమస్తా మీద కేసు ఎత్తేశారు. ఫోల్డరు తిరిగి ఆసుపత్రికి వచ్చింది.

లేడీ డాక్టరు నా అర పేజీని నిలబడి చదివింది. అమ్మను లోపలికి తీసుకెళ్లింది. పది నిమిషాలు, అంతే. ఎనిమిది నెలలుగా దొరకని పది నిమిషాలు. బయటికి వచ్చేసరికి ఆవిడ ముఖం మారిపోయింది.

“లోపల గడ్డ పెరిగింది. వెంటనే తీయాలి. ముందే రావలసింది.”

“ముందే వచ్చింది” అన్నాను.

ఆవిడకు కోపం వచ్చింది. “అబద్ధం రాయించింది మీరే కదా?”

“అబద్ధం మేమే రాయించాం. నిజం మాత్రం ఎనిమిది నెలలుగా మీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది.”

ఆవిడ చేతులతోనే ఆపరేషన్ జరిగింది, బాగా జరిగింది, ఆ మాట కూడా చెప్పాలి. సమ్మతి కాగితం తెచ్చిన నర్సు డాట్‌పెన్ను ఇస్తే అమ్మ తీసుకోలేదు. నా జేబులోని సిరా కలం అడిగింది. స్ట్రెచర్ మీద మోచేతి ఆసరాతో లేచి, ఇంటిపేరుతో మొదలుపెట్టి, పూర్తి పేరు రాసింది. నర్సు గడియారం చూసుకుంటోంది. “రాయనీ అమ్మా, ఇన్నాళ్లకి నా వంతు వచ్చింది” అంది అమ్మ. నర్సుకు తెలుగు రాదు.

అమ్మ బతికింది. కొన్నేళ్లకు, ఆ దశాబ్దం చివర, ఆసుపత్రికి కంప్యూటరు వచ్చింది. పాత ఫోల్డర్లన్నీ అందులోకి ఎక్కిస్తున్నారని తెలిసి వెళ్లాను. టైపు చేస్తున్నది మా కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు వాళ్ల అమ్మాయే. తెర మీద అమ్మ పేరు తెప్పించింది. గర్భసంచి తొలగింపు అని ఉంది. తేదీ చూశాను. పాత తేదీ.

“ఇది తప్పు. ఆ రోజు మా అమ్మ ఇంట్లో ఉంది. అసలు ఆపరేషన్ తేదీ ఇంకొకటి ఉంది చూడు.”

“దోనో ఎంటర్ కియా థా అంకుల్, రెండూ ఎక్కించి చూసేను. ఒకే పేషెంట్‌కి అదే ఆపరేషన్ రెండుసార్లు అంటే మిషన్ తీసుకోదు. బచ్చాదానీ తో ఏక్ హీ హోతీ హై నా, ఒక్కటే కదా ఉండేది!” అని నవ్వింది. “ఎలాగూ తీసేసేరు కదా. ఏ డేట్ అయితే ఏటి?”

అధికారికి రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. అమ్మ ఒంట్లో పెరిగినది, ఎనిమిది నెలల ఆలస్యం, నా అర పేజీ, ఏవీ ఆ యంత్రంలో లేవు. పాత కాగితాలు తూకానికి వేస్తున్నారంటే, ఆ అమ్మాయిని అడిగి మొదటి కేస్ షీటు, వేలిముద్రలున్నది, ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మ దాన్ని చూసి అంది, “నీకెందుకది? దానిదే. దానికియ్యి.”

“ఎక్కడుందని ఇవ్వను?”

“పెరట్లో ఉంది. గోంగూర దించుతోంది.”

పదిహేనేళ్లకు పైగా నెలకు రెండుసార్లు మా పెరటి గుమ్మానికి వచ్చిన మనిషి. పేరు అడగలేదు. ముఖం సరిగా చూడలేదు. పెరటి వైపు వచ్చేవాళ్లను చూడటం మా ఇంటి అలవాటు కాదు. కేస్ షీటు పట్టుకుని వెళ్లాను. ఆవిడ గబుక్కున లేచి నిలబడింది. కూర్చోమని, నేను కూడా మెట్టు మీద కూర్చున్నాను.

“నాకు సదువు రాదు బాబుగోరూ. ఏటుంది అందల?”

చదివి తెలుగులో చెప్పాను. కాన్పులు, పని, మెడ మీది కాయ. తలాడిస్తూ వింది. మూడో కాన్పు పొలంలో అనగానే చెయ్యి అడ్డం పెట్టింది.

“పొలం ఏటి బాబూ, మాకు పొలమెక్కడిది? బొగ్గు దించీ సైడింగుల. గూడ్సు బండి యాగను నీడని. డాక్టరుబాబు తప్పు రాసుకున్నాడు. దిద్దీండి.”

జేబులోంచి కలం తీసి ‘పొలం’ కొట్టేసి ‘సైడింగు’ అని రాశాను.

“ఇది దగ్గర పెట్టుకో. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించు” అన్నాను.

“మొన్న పక్కూరు బిల్హాల డాక్టరు అడిగినాడు బాబూ, కడుపు మీద ఈ కోతేటని. తెల్దన్నాను. ఎవులు అడిగినా తెల్దనే అంటాను. సెప్తే అమ్మగోరికి ముప్పు గదా.”

తన ఒంటి మీది కోత గురించి ఆవిడ డాక్టర్ల ముందు తెలియదంది. తన ఒంట్లోంచి పోతున్న రక్తం గురించి మా అమ్మ డాక్టరు ముందు క్యాలెండరు చూసింది. ఇద్దరికీ మధ్య నా కార్డు. ఒక్క ఊరి పేరు చెప్పుకుని ఇద్దరూ ఇంత పని చేస్తే, రాయడం వచ్చిన మేమందరం ఏం రాశాం?

కాగితం మీద పైన అమ్మ పేరును కొట్టేశాను. మా ఇంటిపేరు మీదుగా గీత గీస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది. తరువాత ఆవిడను పేరు అడిగాను. ఆవిడ వంటింటి వైపు, అమ్మ ఉన్న వైపు ఒకసారి చూసి, చెప్పింది. ఇంటిపేరు కూడా అడిగి, ఇంటిపేరుతో సహా రాశాను.